బాలింతకు కాయం పెట్టిన క్రిస్మస్

పోయిన వారం హోసూరు నుంచి మా మరిది కూతురు ఫోను చేసింది. ఆ పిల్ల అక్కడ ఒక కంపెనీలో పనికి చేరి ఇంకా ఏడాది కాలేదు. ఏదైనా తేలని సంగతి వస్తే తల్లిని అడగదు, నన్ను అడుగుతుంది. తల్లిని అడిగితే దిగులు పడుతుందనీ, నన్ను అడిగితే తిడతాననీ, రెండింటిలో తిట్లే మేలనీ దాని ఉద్దేశం. ఈసారి సంగతి ఏమిటంటే, దాని ఫోనులోకి ఎవరో అప్పు పంపిస్తామంటున్నారట. క్రిస్మస్ పండగకని ప్రత్యేకంగా ఇస్తారట. జామీను అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, వేలితో ఒకసారి నొక్కితే డబ్బు వచ్చి పడుతుందట. “అమ్మకు పట్టుచీర, నాన్నకు వాచీ, నీకూ ఒక చీర తీస్తాను పెద్దమ్మా. నెలనెలా కొంచెం కొంచెం కట్టేస్తే అయిపోతాది” అంది. నాకూ చీర అనగానే ఒక్క క్షణం మనసు జారింది, ఆ మాట దాచడం ఎందుకు. తరువాత తేరుకుని దానికి పెట్టాల్సిన చీవాట్లు పెట్టాను. “ఆ వేలిని జేబులో పెట్టుకుని బస్సెక్కి రా. పండగకు నువ్వు వస్తే చాలు” అని ఫోను పెట్టేసి, మళ్ళీ రోటి ముందు కూర్చుని శొంఠి దంచడం మొదలుపెట్టాను. దంచుతుంటే ఆ ఘాటుకో మరెందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా ఇంట్లో క్రిస్మస్ అంటే శొంఠి దంచడం. వినేవాళ్ళకు వింతగానే ఉంటుంది. మా ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళు కొన్ని ఉన్నాయి, వాళ్ళెవరూ క్రిస్మస్‌కు శొంఠి దంచరు. మా వీధినిండా తెలుగు ఇళ్ళున్నాయి, వాళ్ళకు క్రిస్మసే లేదు. ఈ రెండూ కలిసింది మా ఒక్క ఇంట్లోనే. అవి ఎట్లా కలిశాయో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. రాయడానికి భయం కూడా ఏమీ లేదు. తమిళనాడులో ధర్మపురి దగ్గరుండే ఈ కడత్తూరు చుట్టుపక్కల మేమందరం ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం, గడప దాటితే తమిళమే. చదువులన్నీ తమిళంలోనే గనుక తెలుగు అక్షరం తెలిసినవాళ్ళు అరుదు. మా నాన్న పట్టుబట్టి నేర్పించడం వల్ల మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. ఎవరిని గురించి ఏం రాసినా నన్ను నిలదీసేవాళ్ళు లేరు. ఇంత స్వేచ్ఛ పెద్ద పెద్ద రచయితలకు కూడా ఉండదనుకుంటాను.

ముందు మా అత్త గురించి చెప్పాలి. పొట్టి మనిషి, గట్టి గొంతు. తినేదానికీ కట్టేదానికీ అప్పు చేయకూడదన్నది ఆమె మా ఇంట్లో పెట్టిన చట్టం. దానికి కారణం మా మామ. ఆయనకు నీళ్ళ పిచ్చి. మా చేని కింద ఎక్కడో ఏరు పారుతోందని నమ్మి, అప్పు మీద అప్పు తెచ్చి బోరు తరువాత బోరు వేయించాడు. ప్రతి బోరులోనూ తెల్లదుమ్ము తప్ప ఏమీ పైకి రాలేదు. ఆఖరికి రోడ్డు పక్కనున్న మామిడితోట అమ్మి అప్పులు తీర్చాల్సివచ్చింది. ఆ తరువాత మొరప్పూర్ బస్సులో ఎప్పుడు పోయినా, ఆ తోట వచ్చే చోట మా అత్త తల తిప్పుకుని రెండోవైపు కిటికీలోంచి చూసేది. మామ పోయాక ఇంటి తాళంచెవులు ఆమె నడుముకు చేరాయి. అప్పటినుంచి అప్పు అన్న మాటను మా ఇంట్లో బూతుమాటలాగా గొంతు తగ్గించి పలికేవాళ్ళం. ఇంటింటికీ తిరిగి గ్రూపు లోను ఇప్పించే ఆమె కూడా మా గడప దగ్గరికి వచ్చేసరికి నడక వేగం పెంచేది. మా అత్తతో వాదించి నెగ్గినవాళ్ళను నేను చూడలేదు. నా భర్త అయితే ఆ ప్రయత్నమే చేయలేదు, ఆయనకు ప్రాణమంటే తీపి.

మా మరిది అంత తెలివైనవాడు కాదు. చిన్న లారీ ఒకటి పెట్టుకుని టమాటా, చింతపండు, ఏ సరుకు దొరికితే అది తోలేవాడు. ధర్మపురిలో బట్టల కంపెనీలో కుట్టుపని చేసే తమిళపు పిల్లను ఇష్టపడి, మాకెవరికీ చెప్పకుండా చర్చిలో పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళు క్రైస్తవులు. ‘వాడు నాకు పుట్టలేదనుకుంటాను’ అంది మా అత్త. ఆ పిల్ల తల్లి కూడా ధర్మపురిలో దాదాపు అదే మాట తమిళంలో అందట. వియ్యపురాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఒక్క మాట మీద నిలబడ్డారు. కొత్త దంపతులు ధర్మపురిలోనే ఒక గది అద్దెకు తీసుకుని కాపురం పెట్టారు. ఏడాది తిరిగేలోపల పెద్దాసుపత్రిలో ఆ పిల్లకు కూతురు పుట్టింది. అదే నెలలో ఇక్కడ నాకు రెండోవాడు పుట్టాడు.

నేను మా ఇంటి లోపలిగదిలో చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని, మా అత్త చేతి వెల్లుల్లి కారం, మిరియాలు వేసిన నాటుకోడి చారు తింటూ సుఖంగా పడుకుని ఉన్నాను. పొద్దున్నే ఆమె కాయం ఉండ తెచ్చి స్వయంగా నా నోట్లో పెట్టేది. కాయం అంటే బాలింతలకు పెట్టే లేహ్యం. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము దంచి జల్లించి, నల్లబెల్లం పాకంలో పోసి, నువ్వులనూనె, నెయ్యి వేస్తూ ముద్దకట్టేదాకా కలుపుతారు. ముందు నోరు మండుతుంది, ఆ వెనక తియ్యగా అవుతుంది. ధర్మపురిలో ఆ పిల్లకు ఎవరు ఏం పెట్టారో మా ఇంట్లో ఎవరూ అడగలేదు. పుట్టింటివాళ్ళు రాలేదు, అత్తింటివాళ్ళు పోలేదు. మా మరిదే చేతనైనట్టు గంజి కాచి ఇచ్చేవాడని ఎంతోకాలం తరువాత తెలిసింది. మా మరిది కాచే గంజి ఎట్లా ఉంటుందో నేను రుచి చూసినదాన్ని గనుక ఆ సంగతి ఇక్కడితో ఆపుతాను.

బిడ్డకు నడక వచ్చేసరికి రెండువైపులా కోపాలు చల్లారాయి. మరిది కూతురిని తెచ్చి వాకిట్లో దించితే, అది తప్పటడుగులు వేసుకుంటూ నేరుగా పోయి మా అత్త కొంగు పట్టుకుంది. అంతటితో తగాదా తీరిపోయింది. తల్లి కూడా తక్కువది కాదు. వచ్చిన మొదటిరోజే రాగిసంగటి ముద్దను పులుసులో అద్ది, నమలకుండా గుటుక్కున మింగింది. పట్నం పిల్ల సంగటిని నమిలి అవస్థపడుతుందని చూడటానికి కాచుకుని కూర్చున్న మా అత్త మొహంలో ఆశాభంగమూ మెప్పూ ఒక్కసారే కనిపించాయి. వాళ్ళు ధర్మపురిలో గది ఖాళీ చేసి మా ఇంటికే వచ్చేశారు. ఆ పిల్ల కొన్నాళ్ళలోనే తెలుగు పట్టేసింది. నన్ను అక్కా అని పిలిచేది. మా అత్త ఆమెను ‘చిన్నది’ అనేది, నేనూ అట్లాగే అంటాను. ఆ ఆసుపత్రి రోజుల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. చిన్నది కూడా ఎత్తలేదు.

అట్లా మా ఇంట్లోకి క్రిస్మస్ వచ్చింది. అయితే ఇంటి పండగగా రాలేదు, చిన్నదాని పండగగా వచ్చింది. ఖర్చంతా ఆమె జీతంలోనుంచే. పెద్ద కాగితపు నక్షత్రం, ధర్మపురి బేకరీ నుంచి కేకు, కూతురికి కొత్త గౌను, మధ్యాహ్నానికి కోడి బిరియానీ. ఆమె తల్లీ తమ్ముడూ బస్సులో వచ్చేవాళ్ళు. మేమందరం కడుపునిండా తిని, బాగుంది బాగుంది అనేవాళ్ళం. మా అత్త ఆ ఒక్కరోజు వంటింట్లోకి అడుగు పెట్టేది కాదు. ఉగాదికి ఆమె గొంతు మూడో ఇంటిదాకా వినిపిస్తుంది. క్రిస్మస్‌కు తన ఇంట్లోనే చుట్టంలాగా అరుగు మీద కూర్చుని, వడ్డించేదాకా ఉండి, తిని, చెయ్యి కడుక్కునేది. అందులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. మనది కాని పండగలో వేలు పెట్టకూడదన్న మర్యాద. ఆ మర్యాద చిన్నదానికి ఎట్లా ఉంటుందో మేమెవరమూ ఆలోచించలేదు.

వాళ్ళ కూతురు అయిదో తరగతికి వచ్చిన ఏడు అన్నీ మాట్లాడుకున్నట్టు ఒక్కసారే చెడ్డాయి. మరిది లారీ ఇంజను పోయి వర్క్‌షాపులో పడుకుంది. టమాటా ధర పడిపోతే కోతకూలి కూడా దండగని కాయను చేలోనే వదిలేశాం. ఆర్డర్లు లేవని బట్టల కంపెనీవాళ్ళు చిన్నదాన్నీ ఇంకా కొందరినీ ఇంటికి పంపేశారు. మార్గళి నెల, అంటే ధనుర్మాసం, వచ్చింది, వాకిళ్ళలో పెద్ద ముగ్గులు వచ్చాయి. మా ఇంటి చూరుకు నక్షత్రం మాత్రం రాలేదు. దాని గురించి ఎవరూ అడగలేదు. అడిగితే డబ్బు మాట వస్తుందని అందరికీ భయం.

అది అనపకాయల కాలం. ఒక సాయంత్రం నేనూ, మా అత్తా, చిన్నదీ అరుగు మీద ఒక బేసిను చుట్టూ కూర్చుని నానిన అనపగింజలు పితుకుతున్నాం. ఒక్కొక్క గింజనూ రెండు వేళ్ళతో నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు ఎగిరి బేసినులో పడుతుంది. డబ్బు అక్కర్లేని పని, ఓపిక మాత్రం కావాలి. మా అత్త తల ఎత్తి చిన్నదాని వైపు చూసింది.

“చెవుల్లో పుల్లలేందే?”

చిన్నది చెవి తడుముకుంది. కమ్మలు తీసినప్పుడు చెవి కుట్లు పూడిపోకుండా చీపురుపుల్ల ముక్కలు పెట్టుకోవడం మా పక్క ఆడవాళ్ళ అలవాటు. ఆ పుల్లలు కనిపించాయంటే కమ్మలు ఎక్కడికి ప్రయాణం కట్టాయో వేరే చెప్పాల్సిన పనిలేదు.

“ఆయన అడిగినాడు, ఇచ్చినాను అత్తా. రేపు ధర్మపురికి పొయ్యి కుదువపెట్టి వస్తానంటా ఉండాడు. అమ్మావాళ్ళు వస్తారు కదా, వాళ్ళ ముందర ఎట్లా అని.”

“నువ్వేమన్నావు?”

“పండగే వద్దన్నాను. నేనూ పాపా చర్చికి పొయ్యి వచ్చేస్తాము. అమ్మావాళ్ళను ఈసారి రావద్దని ఫోను చేసేస్తాను.” తరువాత నా వైపు తిరిగి నవ్వుతూనే అంది. “మీ పండగలకేమక్కా. కాసు లేకపోయినా ఉగాదికి వేపపువ్వు చెట్టు మీదే ఉంటాది, పొంగలికి చెరుకు గట్టు మీదే ఉంటాది. నాది అంగడిలో కొనుక్కొచ్చే పండగ. కొనలేకపోతే లేనట్టే.”

ఇన్నేళ్ళుగా మా ఇంట్లో ఉండి, మా ఉగాదికి తెల్లవారకముందే లేచి ఇల్లు కడిగే మనిషి, తన పండగకు ఈ ఇంట్లో వేరు లేదని చెబుతోంది. అది ఫిర్యాదు కూడా కాదు, ఉన్నమాట చెప్పడం. మా అత్త ఇంకా కొన్ని గింజలు పితికింది. తరువాత ఉన్నట్టుండి అడిగింది.

“ఇంతకీ ఆ పొద్దు జరిగిందేమి?”

చిన్నదానికి అర్థం కాలేదు. క్రిస్మస్ అంటే ఏం జరిగిందని మా అత్త అడుగుతోంది. ఇన్నేళ్ళు బిరియానీ తిన్నామే కానీ మాలో ఒక్కరమూ ఆ ప్రశ్న అడగలేదు. చిన్నది చెప్పింది. నిండు గర్భిణి, మొగుడితో కలిసి పరాయి ఊరికి పోవాల్సివచ్చింది. ఎక్కడా దిగడానికి చోటు దొరకలేదు. పశువుల కొట్టంలో కాన్పయింది. మా అత్త చేతులు పని చేస్తూనే ఉన్నాయి కానీ చూపు చిన్నదాని మొహం మీదే ఉంది.

“తొలికాన్పా?”

“అవునత్తా.”

“తొలికాన్పుకు పుట్టింటికి పిలుచుకుపోలేదా? మంత్రసాని యాడ? ఇంత చలిలో నీళ్ళు కాచి పోసిందెవరు?”

“అదంతా బైబిల్లో లేదత్తా. ఎవరూ లేరు. మొగుడొక్కడే. తరువాత ముగ్గురు రాజులు వచ్చి చూసినారు. బంగారం, సాంబ్రాణి, వెళ్ళైపోళం తెచ్చి ఇచ్చినారు.”

“సాంబ్రాణి సరే. బిడ్డకు తలకు పోసి పొగ వేసేదానికి అవుతాది. పచ్చి బాలింతకు బంగారమెందుకు? ఆ మూడోది ఏంది?”

“నాకూ తెలీదు. మందో ఏమో.”

“ముగ్గురిలో ఒక్కరన్నా శొంఠి తేలేదే” అని మా అత్త నిజంగానే నొచ్చుకుంది. పక్క వీధిలో నిన్న జరిగిన కాన్పు గురించి మాట్లాడుతున్నట్టే ఉంది ఆమె వరస. “తల్లి లేదు, అత్త లేదు. ఆ పిల్ల ఎట్లా ఓర్చుకునిందో.”

“ఓర్చుకుంటారత్తా” అంది చిన్నది, గింజ పితుకుతూ. “నేను ఓర్చుకోలేదా?”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే అది అంత లోతుకు దిగింది. మా అత్త చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది. నేను తల ఎత్తలేదు. ఆ నెలలో ఆమె నా నోట్లో పెట్టిన కాయం ఉండలన్నీ నాకు గుర్తొచ్చాయి. కాసేపటికి మా అత్త లేచి, ఒడిలో తోలు దులుపుకుని లోపలికి పోయింది. చిన్నది కంగారుపడి నా చెయ్యి పట్టుకుంది. “తప్పుగా అన్నానా అక్కా?” అంది. లేదన్నాను.

మర్నాడు పొద్దున మరిది కమ్మలను చేతిరుమాల్లో కట్టుకుని బస్సుకు బయలుదేరుతుంటే మా అత్త గుమ్మంలో నిలబడింది.

“ఆ కమ్మలు తీసుకుపొయ్యి దాని చెవులకు పెట్టు. బాలింత చెవులు బోడిగా ఉండకూడదు.”

“బాలింత ఎవరమ్మా?” అన్నాడు వాడు బిత్తరపోయి.

“ఎవరి పండగో తెలీకుండానే ఇన్నేండ్లు బిరియానీ తింటివా?” అంది మా అత్త. తను తెలుసుకుని ఇంకా ఒక్కపూట కూడా కాలేదు. “ఆ బిడ్డ పుట్టినప్పుడు ఎవరూ చేయలేదంట. పురిటి పనులు మనకు చేతనవును కదా. మనం చేస్తాము. మీ అత్తావాళ్ళను తప్పకుండా రమ్మని నేను చెప్పినానని చెప్పు.”

వాడు రుమాలు విప్పుకుంటూ లోపలికి పోయాడు. ఆ రోజు బస్సెక్కింది వాడు కాదు, నేనూ మా అత్తా. కడత్తూరులో నాటుమందుల అంగడికి పోయాం. శొంఠి, బెల్లం, నువ్వులు, వాము ఇంట్లోనే ఉన్నాయి. పిప్పళ్ళు, మిరియాలు కొంచెం కొనాల్సి ఉంది. అవి కట్టించుకుని, వెళ్ళైపోళం అంటే ఏమిటని మా అత్త అంగడాయనను అడిగింది. ఆయన ఒక డబ్బాలోనుంచి ఎర్రగా, గరుకుగా ఉన్న బంక ముక్కలు తీసి చూపించాడు. వెనకటి రోజుల్లో కాన్పయినవాళ్ళకు వాడేవాళ్ళని చెప్పి, “మీ తెలుగోళ్ళు బాలింతబోలు అంటారే, అది ఇదేనమ్మా” అన్నాడు. మా అత్త ఒక ముక్కను వాసన చూసి, నా వైపు తిరిగి తృప్తిగా తల ఊపింది. “ఆ మూడో ఆయన మాత్రం ఇంట్లో ఆడదాన్ని అడిగి బయలుదేరినాడు” అంది. చిటికెడు పొట్లం కట్టించుకుంది. ఆ క్రిస్మస్‌కు మేం అంగడిలో పెట్టిన ఖర్చు అంతే.

మిగతా పండగ అంతా ఇంట్లోనుంచే వచ్చింది. బిడ్డ పుట్టిన ఇంటికి ఏవేం కావాలో అన్నీ మా ఇంట్లోనో, చేలోనో, పెరట్లోనో ఉన్నాయి. మా అత్త పెట్టెలోనుంచి పాత పట్టుచీర ఒకటి తీసి చిన్నదాని ముందు పడేసింది. అంచు బాగున్నంతమేర కత్తిరించి చిన్నది కూతురికి పావడా కుట్టింది. మిగిలింది ఉయ్యాలకు పనికొచ్చింది. పోయినేటి నక్షత్రానికి ఒక కొమ్ము చిరిగి ఉంటే ఆ పిల్లే నోటుపుస్తకం కాగితం అతికించి చూరుకు కట్టింది. ఇంకొక సౌకర్యం మా అత్త చెప్పేదాకా నాకు తోచలేదు. పురిటింటికి ఎవరూ వట్టిచేతులతో రారు. బెల్లమో, బియ్యమో, టెంకాయో, మెత్తని పాతగుడ్డలో, ఏదో ఒకటి తెచ్చి బిడ్డను చూస్తారు. వచ్చినవాళ్ళకు గుప్పెడు నువ్వులూ బెల్లమూ పెడితే చాలు, ఎవరూ బిరియానీ అడగరు. అప్పు చేయకుండా ఊరందరినీ పిలవగలిగే పండగ ఇదొక్కటేనని నాకు అప్పుడు తెలిసింది.

ఊరందరినీ పిలవనూ పిలిచింది. మా అత్త నోటితో పిలవడం అంటే మైకు పెట్టినట్టే. “మా చిన్నదాని దేవుడింట్లో మొగబిడ్డ. పండగ పొద్దున వచ్చి చూసి పొండి” అని వీధి పొడుగునా చెప్పింది. ఆ మాట చేతులు మారి, ఫోనులు మారి, ఏరియూరు చేరేసరికి అందులో దేవుడు జారిపోయాడు. ఏరియూరులో మా అత్తకు చిన్నమ్మ వరసయ్యే ముసలావిడ ఉంది, మేమంతా అవ్వ అంటాం. పండగకు ముందురోజు ఆమె రెండు బస్సులు మారి, సంచీనిండా పసిబిడ్డ చొక్కాలు, వసకొమ్ము, ఒక వెన్న ముద్ద పట్టుకుని దిగింది. చిన్నది వాకిట్లో నిలబడి కట్టెలు కొడుతోంది. అవ్వ ఆమెను చూసి గుండెలు బాదుకుంది. “పచ్చి బాలింతవు, కట్టెలు కొట్టేదేమే?” అని గొడ్డలి లాక్కుంది. జరిగింది వివరంగా చెప్పడానికి మాకు చాలాసేపు పట్టింది. అంతా విని, సంచీ వెనక్కి తీసుకుపోవడం ఎందుకని అవ్వ, “మొగబిడ్డే కదా?” అని మాత్రం మళ్ళీ అడిగి ఖాయం చేసుకుంది. వెన్న కరిగించి కాయంలో పోశాం.

ఎదురింటి ఆమెకు వేరే చిక్కు వచ్చింది. మార్గళి నెలంతా ఆమె తెల్లవారుజామున పూజ చేసి మా ఇంటికి ప్రసాదం పంపేది. పురుడు వచ్చిన ఇల్లంటే పదినాళ్ళ మైల. మరి పంపవచ్చునా కూడదా అని వచ్చి గుట్టుగా అడిగింది. మేం తెల్లబోయాం. మా అత్త మాత్రం ఆలోచించి తీర్పు చెప్పింది. “వాళ్ళ గోత్రం వేరే. మనకు అంటదు.” ఎదురింటి ఆమె నిశ్చింతగా వెళ్ళిపోయింది, ప్రసాదం వస్తూనే ఉంది.

పండగనాడు పొద్దున్నే చిన్నదీ, మరిదీ, పిల్లా చర్చికి పోయి వచ్చారు. వాళ్ళు వచ్చేసరికి మా అత్త గడపకు వేపమండలు కట్టి, పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టి, పితికిపప్పు పులుసు దించి, వంటింట్లో అందరినీ తిడుతోంది. ఉగాదినాటి గొంతు. ఆ గొంతు విని చిన్నది గుమ్మంలోనే ఆగిపోయింది. తన పండగనాడు ఈ ఇంట్లో ఆ కేకలు ఆమె మొదటిసారి వింటోంది. పెరట్లో కూసే పుంజు ఒకటి అప్పటికే మిరియాల చారులో ఉడుకుతోంది. నడవలో చాట నిండా బియ్యం పోసి, దాని మీద చిన్నదాని దగ్గరుండే బాలయేసు బొమ్మను పడుకోబెట్టారు. వంకాయంత బొమ్మ. అవ్వ తెచ్చిన చొక్కా తొడిగితే బొమ్మ అందులో కనిపించకుండా పోయింది. పక్కన కొంచెం సాంబ్రాణి, ఆ పొట్లంలోని బాలింతబోలు. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, బెల్లం, అరటిపళ్ళు, టెంకాయలు, ఆకువక్కలు తెచ్చారు. బొమ్మను ఉయ్యాలలో వేసి, వాళ్ళ అమ్మలు పాడిన జోలపాటలు పాడారు. అవి అయ్యాక చిన్నది తమిళంలో చర్చిపాట పాడింది. అందరూ తల ఊపారు. జోలపాట ఏ భాషలోనైనా జోలపాటే గనుక ఎవరికీ కొత్త అనిపించలేదు.

ఎండ ఎక్కాక చిన్నదాని తల్లీ తమ్ముడూ వచ్చారు. తల్లి చేతిలో కేకు అట్టపెట్టె ఉంది. గడపకు కట్టిన వేపమండలు చూసి ఆమె మెట్టు మీదే నిలబడిపోయి, ఇంట్లో ఎవరికి బిడ్డ పుట్టిందని తమిళంలో అడిగింది. మా అత్త ఎదురుపోయి ఆమె చెయ్యి పట్టుకుంది. తను కూడా తమిళంలోకి మారి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, “రా వదినా. అప్పుడు నువ్వూ పోలేదు, నేనూ పోలేదు. ఇప్పుడన్నా రా” అంది. ఏ అప్పుడో విడమరిచి చెప్పలేదు. వియ్యపురాలు అడగనూ లేదు. ఆమె కేకుపెట్టె నాకు ఇచ్చేసి మా అత్త వెంట లోపలికి నడిచింది.

మా అత్త చిన్నదాన్ని పిలిచి నడవలో పీట మీద కూర్చోబెట్టింది. బొమ్మకు ఎదురుగా కాదు, పక్కన. తలకు మెత్తని గుడ్డ చుట్టి, వెనక ముడి వేసింది. చిన్నది సిగ్గుపడి నవ్వుతూ, “నాకెందుకత్తా ఇదంతా?” అంటోంది. మా అత్త గిన్నెలోనుంచి కాయం తీసి, ఉండ చేసి, ఆమె గడ్డం పట్టుకుని నోట్లో పెట్టింది. చిన్నదాని నవ్వు ఆగిపోయింది. వాళ్ళ కూతురు కొత్త పావడా పట్టుకుని అక్కడే నిలబడి మా అత్తను అడిగింది.

“అమ్మకు ఏమైంది అవ్వా? మందు ఎందుకు?”

“నువ్వు పుట్టినప్పుడు పెట్టాల్సింది పాపా” అంది మా అత్త. “నేను పెట్టలేదు.”

ఆ ఇంట్లో ఆమె తన తప్పు తన నోటితో చెప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే. చిన్నది నోరు మండి కళ్ళు తుడుచుకుంది, తుడుచుకున్నకొద్దీ నీళ్ళు వస్తూనే ఉన్నాయి, ఆఖరికి మండడం మీదికి నెట్టే వీలు కూడా లేకపోయింది. మా అత్త గిన్నెను వియ్యపురాలి చేతికి ఇచ్చింది. ఆమె రెండో ఉండ చేసి కూతురి నోట్లో పెట్టింది. పెట్టి, ఆ చేతితోనే కూతురి చెంప పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. మరిది దొడ్లోకి పోయి, అవసరం లేకపోయినా ఆవుకు గడ్డి వేశాడు. నేను అందరికీ విస్తళ్ళు వేశాను. ఎవరో ఒకరు ఏదో ఒక పని చేయాలి కదా.

మరుసటి ఏడు లారీ మళ్ళీ నడిచింది, చిన్నదానికి వేరే కంపెనీలో పని దొరికింది, బిరియానీ తిరిగి వచ్చింది. కాయం కూడా ఉండిపోయింది. మా అత్త ఆ తరువాత ఏ క్రిస్మస్‌కూ అరుగు మీద కూర్చోలేదు. ఆమె పోయేదాకా ఆ పొద్దున అందరం ఆమె తిట్లు తిన్నాం. కాలం దాటిపోయాక బాలింతకు ఎంత పథ్యం పెట్టినా ఒంటికి పట్టదని మా పెద్దవాళ్ళు అంటారు. ఆ క్రిస్మస్ పొద్దుటి దాకా మా అత్త కూడా అట్లాగే అనేది.